ముప్పై ఒక్క పచ్చ చుక్కలు

ఒకే మనిషి, ఒకే బడి గురించి, రెండు రకాలుగా రాసి రెండింటి కిందా తన పేరే పెట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలుసా? నాకు తెలుసు. ఆ తెలివిగల మనిషిని నేనే. పోయిన సంవత్సరం జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి ఆగస్టు దాకా నేను రాసిన ఒక రాత, నేను రాసిన ఇంకో రాత జుట్టు జుట్టు పట్టుకున్నాయి. మధ్యలో చీవాట్లు తిన్నది మాత్రం నేను.

మొదటి రాత బడి ఫోనులో, ప్రభుత్వం పెట్టిన యాప్‌లో ఉంది. మా దాసప్పకొట్టాల ప్రాథమిక పాఠశాలలో ముప్పై ఒక్కమంది పిల్లలు, ఇద్దరు టీచర్లం. హెడ్మాస్టర్ రామాంజి సార్, నేను. పొద్దున పోగానే ముందు మా మొహాలు ఫోనుకు చూపించాలి, మేము మేమేనని దానికి నమ్మకం కుదరాలి. తర్వాత పిల్లల హాజరు. తర్వాత గుడ్ల ఫోటో, మరుగుదొడ్డి ఫోటో, బూట్ల ఫోటో. సిగ్నల్ అందకపోతే మిద్దె ఎక్కాలి. నలభై ఆరేళ్ళ ఆడమనిషిని, మోకాళ్ళ నొప్పులతో, కోడిగుడ్ల ఫోటో పంపడానికి నిచ్చెన ఎక్కేదాన్ని. ఇవన్నీ అయినాక మిగిలిన టైములో పాఠం చెప్పుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

ఏడాదికి రెండుసార్లు చదువు స్థాయి కూడా నింపాలి. ప్రతి పిల్ల పేరు పక్కనా ఒక చుక్క. ఎర్ర చుక్కంటే చదవడం రాదు, పచ్చ చుక్కంటే బాగా చదువుతుంది. మార్చి నెలలో నేను పందొమ్మిది మందికి ఎర్ర చుక్క పెట్టబోతుంటే మండల విద్యాధికారి కొండప్ప సార్ ఫోను చేశారు.

"ఏమ్మా సారా, మండలమంతా పచ్చగుంటే నీ బడి ఒక్కటే ఎర్రగా కనపడితే పైనోల్లు నన్నేమంటారు? పిల్లోల్లకు చదవను రాకుంటే జీతం ఏంటికి తీసుకుంటాండావని నిన్నడిగితే ఏం జెప్తావు?"

ఏం చెప్తాను? ముప్పై ఒక్కమందికీ పచ్చ చుక్కలు పెట్టేశాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. మండలంలో అందరూ చేసేదే చేశాను. అట్లా అనుకుంటే ఆ పూట అన్నం సహించింది.

రెండో రాత నా థీసిస్. ఆరేళ్ళు, ఆదివారాలూ పండగలూ మానుకుని, ఉద్యోగం చేసుకుంటూనే ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేశాను. మా పిల్లలు పాఠాన్ని కంటితో చూసి చదువుతున్నారా, చెవితో విన్నది ఒప్పజెబుతున్నారా అన్నది నేను తేల్చాలనుకున్న విషయం. తేల్చాను కూడా. వానలు లేని ఏడు, కట్టడం పనులకు పోయే తల్లిదండ్రుల వెంట బెంగళూరు పోయి నాలుగైదు నెలలు ఇసుక కుప్పల మీద ఆడుకుని వచ్చే పిల్లలు, తిరిగొచ్చాక వెనకబడ్డారని తెలియకుండా ఉండటానికి పాఠం మొత్తం వినికిడితో పట్టేస్తారు. వాళ్ళ జ్ఞాపకశక్తి చూస్తే కళ్ళు తిరుగుతాయి. చదవడం మాత్రం రాదు. ముప్పై ఒక్కమందిలో పందొమ్మిది మంది అట్లాంటి వాళ్ళేనని రాశాను. పిల్లల పేర్లు మార్చాను గానీ బడి పేరు మార్చలేదు. పరిశోధన కదా, నిజం రాయాలి కదా! అంత నిజాయితీ.

మే నెలలో యూనివర్సిటీ ఎడ్యుకేషన్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. అనంతపురంలోనే. టీచర్లు కాబోయే వాళ్ళకు నేను పాఠం చెప్పాలి, పరిశోధన చేయించాలి. ఆ ఉత్తరం పట్టుకుని మా మిద్దె మీద ఒక్కదాన్నే నిలబడి ఏడ్చాను. కూలి చేసుకునే ఇంట పుట్టి, ఇరవై ఏళ్ళు అ ఆలు దిద్దించినదాన్ని. సంతోషంగా ఉంటే సంతోషంగా ఉందనే చెప్తాను, నాకేం సిగ్గు లేదు.

కింద మా అత్త నల్లమ్మ విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది.

"ఏమ్మే సారా, పెద్ద బడికి పోతావంట?"

"పెద్ద బడే అత్తా. ఆడ టీచర్లకే పాఠం జెప్పాల."

"టీచర్లకు పాఠమా? వాల్లకు రాదా?"

"కొన్ని రావు."

"రాకుండానే ఇన్నాల్లు మా పిల్లోల్లకు జెప్తాండారా?" అంది మా అత్త, చేతిలో కాయ పటుక్కుమనిపిస్తూ.

నా భర్త ఐజాక్ పగలబడి నవ్వాడు. ఆయన ఆర్టీసీ డ్రైవరు. గార్లదిన్నె మీదుగా మా ఊరికి వచ్చే బస్సు ఆయనదే. ఉత్తరం వచ్చిన వారానికే అనంతపురం డిపో పక్క సందులో ఇల్లు చూసి వచ్చాడు. కుళాయి నీళ్ళు ఇంట్లోకే వస్తాయట, అమ్మ బిందె మోయాల్సిన పని లేదట, మంచం ఏ గోడకు వేయాలో కూడా ఆయనే నిర్ణయించాడు. నేనూ మనసులో అప్పుడే కర్టెన్లు కట్టేసుకున్నాను.

బడి తెరిచిన మూడో రోజు ఇంకో ఉత్తరం వచ్చింది. ఎవరో అర్జీ పెట్టారు. ఎవరో ఏముంది, ఆ ఉద్యోగం రానివాళ్ళెవరో. "ఈమె థీసిస్‌లో పందొమ్మిది మంది పిల్లలకు చదవడం రాదని ఉంది. అదే పిల్లలు బాగా చదువుతారని ఈమే ప్రభుత్వానికి తెలియజేసింది. కనుక థీసిస్ కల్పితం." సాక్ష్యంగా పచ్చ చుక్కల పేజీ ఫోటో తీసి జతపరిచారు. చూస్తే నాకే ముచ్చటేసింది, అంత పచ్చగా ఉంది. మా మండలంలో గడ్డి కూడా అంత పచ్చగా మొలవదు.

యూనివర్సిటీ వాళ్ళు ప్రొఫెసర్ గౌతమి గారిని విచారణకు పంపుతామన్నారు. జూలై ఎనిమిదిన ఆమె వచ్చి, అవే పందొమ్మిది మంది పిల్లల చేత, థీసిస్‌లో నేను వాడిన పాఠాన్నే చదివించి చూస్తారు. తేలేదాకా ఆర్డరు ఇవ్వరు. ఆ ఉత్తరం కాపీ ఒకటి కొండప్ప సార్‌కూ పోయింది.

ఆయన మమ్మల్ని ఆఫీసుకు పిలిపించారు. రామాంజి సార్ కుర్చీ అంచున కూర్చున్నారు, లేచి పారిపోవడానికి వీలుగా.

"సూడమ్మా," అన్నారు కొండప్ప సార్, "పిల్లోల్లు చదివితే నీ థీసిస్ అబద్ధం. చదవకుంటే నీ చుక్కలు అబద్ధం. యాదో ఒకటి నువ్వే ఎంచుకో."

"థీసిస్ నిజం సార్. చుక్కలు మీరు పెట్టమంటేనే కదా పెట్టినా."

"నేను పెట్టమన్నట్ల కాగితం ఉండాదా?"

లేదు. ఫోనులో చెప్పిన మాటకు కాగితం ఎక్కడిది?

"అట్లయితే మెమో వస్తాది. నీకు, నీ హెడ్మాస్టరుకు. నీకేమమ్మా, యూనివర్సిటీకి పోతావు. ఆయనకు ఇంకో రెండేండ్లు సర్వీసుండాది. పాపం గదా?"

పాపమే. రామాంజి సార్ నా వైపు చూడలేదు. బల్ల మీది కాగితాల బరువును అటు జరిపి ఇటు జరిపారు. ఆయన చెడ్డమనిషి కాదు. మొదటి తరగతి పిల్లల ముక్కులు తన తువాలుతో తుడిచే మనిషి. భయస్తుడు, అంతే. భయస్తులు చేసే చెరుపు ఎంతుంటుందో నాకు అప్పటికి తెలియదు.

జూలై రెండున కొండప్ప సార్ నన్ను పుట్టపర్తిలో ఐదు రోజుల ట్రైనింగుకు వేశారు. ఇప్పుడే ఎందుకు సార్ అంటే పైనుంచి లిస్టు వచ్చిందన్నారు. పోయాను. ఐదు రోజులు అక్కడ ఒకాయన, తెర మీద బొమ్మలు వేసి, పిల్లలకు చదవడం ఎట్లా నేర్పాలో చెప్పాడు. ఆ బొమ్మల్లో మూడు నా థీసిస్‌లోవే. కింద నా పేరు లేదు. అడుగుదామని లేచి, ఇప్పటికే ఉన్న తగువులు చాలనుకుని కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి మా అత్త ముఖంలో ఒక రకం వెలుగు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తనే తెచ్చిచ్చింది. పాతికేళ్ళ కాపురంలో ఆమె నాకు నీళ్ళు తెచ్చివ్వడం అదే మొదలు.

"ఏమత్తా, ఏమైంది?"

"ఏమీ లేదులే. రేపు సూడు నువ్వే. నీ పేరు యాడికో పోతాది."

ఎదురింటి ఎస్తేరు వాకిట్లో నిలబడి నవ్వుతోంది. ఎస్తేరు నన్ను అక్కా అని పిలుస్తుంది. ఆమె కూతురు మహేశ్వరి మా బడిలో ఐదో తరగతి, నన్ను ఇంటి దగ్గర పెద్దమ్మా అంటుంది, బడిలో మేడమ్ అంటుంది. పందొమ్మిది మందిలో అదొకటి. అంతకుముందు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అది బెంగళూరులో ఉంది. హాజరు పట్టీలో మాత్రం రోజూ బడికొచ్చింది.

"అక్కా, రేపు నేను కూలికి పోను," అంది ఎస్తేరు. "నా బిడ్డ చదువుతాంటే సూడల్ల."

నాకు అప్పుడే అనుమానం రావాలి. ప్రయాణం బడలిక, పట్టించుకోలేదు.

మరుసటి రోజు పది గంటలకు గౌతమి గారు వచ్చారు. యాభై దాటి ఉంటాయి, నూలు చీర, చేతిలో నా థీసిస్. కుర్చీ వేస్తే వద్దని పిల్లల మధ్య చాప మీద కూర్చున్నారు. కొండప్ప సార్ కింద కూర్చోలేకా, కుర్చీలో కూర్చోలేకా ఇబ్బందిపడి, గోడకు ఆనుకుని నిలబడ్డారు. కిటికీ బయట సగం ఊరు ఉంది. ముందు వరసలో మా అత్త. వాకిలి దగ్గర ఎస్తేరు, చర్చికి కట్టుకునే చీరలో.

పాఠం పేరు "సముద్రతీరం". నాలుగో తరగతి పుస్తకంలోది. వాన చినుకు కోసం ఆకాశం వంక చూసే మా పిల్లలకు సముద్రం పాఠం పెట్టిన మహానుభావుడెవరో గానీ, నేను దాన్నే పరీక్షకు ఎంచుకోవడానికి కారణం అదే. చూడని వస్తువు, తెలియని మాటలు. ఊహించి చెప్పడం కుదరదు, చూసి చదవాల్సిందే.

మొదటి పిల్ల లేచింది. "తెల్లవారుజామున జాలరులు వలలు తీసుకొని సముద్రంలోకి వెళతారు..." గడగడా పేజీ మొత్తం చదివేసి కూర్చుంది. నేను కళ్ళు నులుముకున్నాను. రెండో పిల్లవాడు. మూడో పిల్ల. ఒక్క తడబాటు లేదు. ఐదో పిల్లకు వచ్చేసరికి నాకు సంగతి అర్థమైంది. "జాలరులు" దగ్గర ఐదుగురూ ఒకే చోట ఊపిరి పీల్చారు. ఒకే చోట గొంతు తగ్గించారు. అది రామాంజి సార్ చదివే తీరు.

ఆయన్ను చూశాను. ఆయన పైకప్పును చూస్తున్నారు.

తర్వాత తెలిసింది అంతా. ఉత్తరంలో పాఠం పేరు ఉంది కదా. సార్ ఆ పేజీని చదివి ఫోనులో రికార్డు చేశారు. నేను పుట్టపర్తిలో ఉన్న ఐదు రోజులూ మా అత్త సాయంత్రాలు మా ఇంటి ముందు పందొమ్మిది మందినీ కూర్చోబెట్టి ఆ రికార్డు మళ్ళీ మళ్ళీ వినిపించింది. "పిల్లోల్లు బాగా చదివితేనే మీ కోడలికి పెద్ద బడిలో ఉద్యోగం" అని ఆయన చెప్పారు, ఊరంతా నమ్మింది. ఎందుకు నమ్మరు? టీచరును పరీక్షించడానికి ఎవరైనా వస్తే పిల్లలు బాగా చదవాలి. లోకంలో ఎక్కడైనా అంతే. నా ఖర్మకు నా ఉద్యోగమే తలకిందుల ఉద్యోగం.

మహేశ్వరి లేచింది. అన్నిటికన్నా అదే బాగా చదివింది. తల కూడా ఊపింది. వాకిలి దగ్గర ఎస్తేరు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

గౌతమి గారు కలం మూత పెట్టి నా వైపు తిరిగారు. ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"పిల్లలు చక్కగా చదువుతున్నారు, సారా గారూ. మీరు ఇట్లా ఎందుకు రాశారో నాకు అర్థం కావడం లేదు."

"మేడమ్, ఇంకో పేజీ ఇచ్చి చూడండి. ఏ పేజీ అయినా సరే."

"అది కుదరదు మేడమ్," అన్నారు కొండప్ప సార్ వెంటనే. "ఉత్తరంలో ఆ పాఠమేనని రాసినారు. రూలు రూలే."

గౌతమి గారు ఉత్తరం తీసి చూసి, నిజమేనన్నట్టు తలాడించారు. ఆరేళ్ళు. ఆరేళ్ళ ఆదివారాలు. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అని చెప్పను? సార్ మీద, అత్త మీద, చుక్కల మీద, ఆ చుక్కలు పెట్టిన నా వేలి మీద.

"మహేశ్వరీ, ఇంకొక్కసారి చదువమ్మా, అదే పేజీ," అన్నాను.

అది ఉత్సాహంగా మొదలుపెట్టింది. నేను పక్కకు పోయి కూర్చుని, పుస్తకం మీద నా అరచెయ్యి పెట్టాను. పేజీ మొత్తం మూసుకుపోయింది.

"ఒడ్డున కొబ్బరి చెట్లు వరుసగా నిలబడి ఉంటాయి," అని చదివింది మహేశ్వరి, నా చేతి వెనక వైపు చూస్తూ. "పిల్లలు ఇసుకలో గవ్వలు ఏరుకుంటారు..."

గౌతమి గారు మూత పెట్టిన కలాన్ని అట్లాగే పట్టుకుని ఉండిపోయారు. ఆమె వాలకం చూసి మహేశ్వరి ఏదో తేడాగా అనిపించి ఆగింది. అది మరిచిపోయిందనుకుని కిటికీలోంచి మా అత్త అందించింది.

"అలలు ఎగిసి ఎగిసి పడతాయి, సెప్పమ్మే, అలలు!"

మా అత్తకు అక్షరం ముక్క రాదు. సముద్రం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె అందుకోగానే మిగతా పద్దెనిమిది మందీ, పుస్తకాలు లేకుండానే, పాఠం చివరిదాకా ముక్తకంఠంతో ఒప్పజెప్పారు. వెనక వరసలో ఒకడు చివర "ఇంతే, మల్లీ మొదట్నుంచి ఇనండి" అని కూడా అన్నాడు. రికార్డులో రామాంజి సార్ ఆ మాట కూడా అని ఉంటారు.

కొండప్ప సార్ బయటికి పోయారు. మహేశ్వరి నా చేతినీ, నా మొహాన్నీ చూసింది.

"తప్పు జెప్పినానా, మేడమ్?" అని అడిగింది.

చదివానా అనలేదు. చెప్పానా అంది. దానికి తెలుసు. దానికి ఎప్పటినుంచో తెలుసు. తలెత్తి చూస్తే వాకిలి దగ్గర ఎస్తేరు లేదు.

ఇంటికి పోతే మా అత్త అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుంది. "నీ మంచికే గదా జేసినా," అంది గోడతోనే. రామాంజి సార్ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "నీకు మేలవుతాదని నల్లమ్మతో అబద్ధం జెప్పినా. నా మేలు సూసుకున్నానమ్మా," అన్నారు. తిట్టాలని నోటిదాకా వచ్చింది. తిట్టాను కూడా, బాగానే. ఆయన అంతా విని, టీ తాగి, పోయారు.

రెండు రోజుల తర్వాత కుళాయి దగ్గర ఎస్తేరు కనపడింది. పలకరించాను. బిందె నిండేదాకా కుళాయి వైపే చూసింది.

"టీచరమ్మా, ఒకటి అడుగుతా," అంది. అక్కా అనలేదు. "నా బిడ్డకు చదవను రాదని పుస్తకం రాసినావంట. ఎన్నేండ్లు పట్టింది రాసేకి?"

"ఆరేండ్లు."

"ఆరేండ్లు దాన్ని కూసోబెట్టి, రాదు రాదు అని రాసుకుంటాంటివి. దానికి నేర్పించేకి ఎన్నాల్లు పట్టిండేది?"

బిందె ఎత్తుకుని పోయింది. పందొమ్మిది మంది మీద నేను నూట నలభై పేజీలు రాశాను, పట్టికలు గీశాను, వైవాలో పెద్ద పెద్ద ప్రశ్నలకు జవాబులు చెప్పాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత అన్నీ చకచకా అయిపోయాయి, పనికిరాని పనులు అయినట్టు. తప్పుడు వివరాలు నమోదు చేసినందుకు నా ఒక్కదానికే మెమో వచ్చింది, లాగిన్ నాది కాబట్టి. రామాంజి సార్ బతికిపోయారు. గౌతమి గారు ఫోను చేసి, "ఆ మెమో కాపీ నాకు పంపండి. మీ థీసిస్ నిజమనడానికి అంతకన్నా రుజువు లేదు" అన్నారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ప్రభుత్వం నాకిచ్చిన మంచి సర్టిఫికెట్ అదే అయింది. జూలై ఆఖరుకు ఆర్డరు వచ్చింది. ఐజాక్ అట్టపెట్టెలు తెచ్చాడు. వాన మాత్రం రాలేదు. ఒలిచిపెట్టిన విత్తనాలు సంచుల్లోనే ఉండిపోయాయి, ఊళ్ళో జనం ఒక్కొక్క ఇల్లే బెంగళూరికి మూట కడుతున్నారు.

ఆ నెలంతా మహేశ్వరి బడికి వచ్చింది గానీ నోరు తెరవలేదు. పుస్తకం చదవమంటే తల వంచుకుని నిలబడేది. మిగతా పద్దెనిమిది మందీ రెండు రోజుల్లో మరిచిపోయి ఆటల్లో పడ్డారు. ఇది మరవలేదు.

ఆగస్టు ఐదు, బడిలో నా చివరి రోజు. మధ్యాహ్నం లాగిన్ అప్పగించే ముందు ఒక పని చేద్దామని ఒంటరిగా తరగతి గదిలో కూర్చున్నాను. ఆ పందొమ్మిది చుక్కలనూ సరిచేసి పోవాలి. పోయే ముందైనా ఒక్క నిజం చెప్పి పోవాలి. మహేశ్వరి పేరు తెరిచి, పచ్చ తీసి ఎరుపు నొక్కాను. "విద్యార్థి స్థాయిని తగ్గించుటకు అనుమతి లేదు" అని వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. ఇంకో పిల్ల పేరు మీద నొక్కాను. అదే. అబద్ధం చెప్పడానికి మూడు నిమిషాలు పట్టలేదు, దాన్ని వెనక్కి తీసుకోవడానికి మాత్రం దారే పెట్టలేదు ఆ పెద్దమనుషులు! ఫోనును బల్ల మీద విసిరేశాను.

"పెద్దమ్మా."

మహేశ్వరి. బడిలో ఎప్పుడూ ఆ పిలుపు పిలవదు.

"రేపు బెంగళూరికి పోతాండాం. నీకు జెప్పి రమ్మనింది అమ్మ."

"సరేలేమ్మా."

అది పోలేదు. వెలుగుతున్న ఫోను వైపు చూసింది. తన పేరు గుర్తుపట్టింది, అదొక్కటీ దానికి బొమ్మలాగా తెలుసు. పేరు కింద మాట మీద వేలు పెట్టింది.

"బా... గా..." అంది. చాలాసేపు ఆగింది. "చ... ద... వ... గ... ల... దు." వేలు తీసి నన్ను చూసింది. "నా గురించేనా?"

"ఊఁ."

"అబద్ధం గదా?"

"అబద్ధమే. నేనే రాసినా."

"తీసెయ్."

"తీసేయనియ్యదు మహేశ్వరీ. ఎంత నొక్కినా తీసేయనియ్యదు."

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద మనిషి ఎందుకు అవస్థ పడుతోందో దానికి అర్థం కానట్టుంది.

"అట్లయితే నాకు నేర్పించి పో," అంది.

నేను లాగిన్ కాగితం మీద సంతకం పెట్టి, బడి ఫోను రామాంజి సార్ చేతికిచ్చి, నేరుగా ఎస్తేరు ఇంటికి పోయాను. డిపో పక్క ఇల్లు వద్దని, పొద్దున ఏడింటికి బస్సెక్కి పోయి సాయంత్రానికి ఈ ఊరికే తిరిగొస్తానని తర్వాత ఐజాక్‌కు చెప్పడం ఇంకో యుద్ధం. ఆయన మూడు రోజులు అన్నం పెట్టమని కూడా అడగలేదు, తనే పెట్టుకున్నాడు. అట్టపెట్టెల్లో మా అత్త శనక్కాయ విత్తనాలు పోసుకుంది.

ఆ సాయంత్రం నేను పోయేసరికి ఎస్తేరు మూట కడుతోంది. తల ఎత్తలేదు.

"పాపను నా ఇంట్లో వదిలిపెట్టి పో, ఎస్తేరూ," అన్నాను. "దాంతో పాటు ఇంకెవురన్నా వదిలిపోతామంటే వాల్లను గూడా. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా. ఫోను ముట్టను, ఏమీ రాసుకోను. నేర్పిస్తా."

ఆమె ముడి విప్పింది. మూటలోంచి మహేశ్వరి బట్టలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. రెండు గౌన్లు, ఒక స్వెటరు, దువ్వెన.

"నాకు చదవను రాదు," అంది మళ్ళీ ముడి వేస్తూ. "గానీ దానికి వచ్చిందో రాలేదో ఇప్పుడు నేనూ కనుక్కోగలను. ఉగాదికి వస్తాం. వచ్చి, పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టి సూస్తా, టీచరమ్మా."